జ్వరం దిగింది, నాడి దిగలేదు: ఒక డెంగీ కేసు

జ్వరంలో గుండె వేగంగా కొట్టుకోవడం వింతేమీ కాదు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్, అంటే మన ఇళ్లలోని థర్మామీటరు లెక్కలో దాదాపు రెండు డిగ్రీల ఫారెన్‌హీటు పెరిగితే, పెద్దవాళ్లలో నాడి నిమిషానికి సుమారు పది చొప్పున పెరుగుతుంది. మామూలుగా 80 ఉండే మనిషికి 102 జ్వరంలో 100 ఉందంటే దానికి జ్వరమే చాలిన కారణం. జ్వరం విడిచాక కూడా నాడి కిందికి రాకపోతే, లేదా జ్వరం దిగుతుండగా నాడి పైకి పోతుంటే, అప్పుడు వేరే కారణాన్ని వెతకాలి. ఇక్కడ రాస్తున్న కేసులో ఒకే రోగికి, ఒకే జబ్బులో, రెండు రోజుల వ్యవధిలో నాడి రెండుసార్లు 120 దాటింది. రెండుసార్లూ చూడటానికి పరిస్థితి ఒకేలా ఉన్నా కారణాలు వేరు, వైద్యమూ వేరు. ఆ తేడా ఎలా తెలిసిందన్నదే ఈ కేసును రాయడానికి కారణం. రోగి అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడతాయి. మా ఆసుపత్రికి డెంగీ కేసులు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే. తీరం వైపు ఊళ్లలో కుళాయి నీళ్లు రోజూ రావు కాబట్టి డ్రమ్ముల్లో, సిమెంటు తొట్లలో పట్టి ఉంచుకుంటారు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే. అది కుట్టేది కూడా పగటిపూటే.

రోగి ముప్పై ఏళ్లకు దగ్గర పడుతున్న గృహిణి. ఇద్దరు పిల్లల తల్లి, బరువు 45 కిలోలు. భర్త రొయ్యల చెరువుల దగ్గర మేత వేసే పనిలో ఉంటాడు, ఆమె నాట్ల కాలంలో కూలికి వెళుతుంది. నవంబరులో ఒకరోజు హఠాత్తుగా 103 జ్వరం, ఒళ్లు విరిచేసే నొప్పులు, కళ్ల వెనుక పోటు మొదలయ్యాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ పారాసిటమాల్ ఇచ్చి, నొప్పులు తట్టుకోలేకపోతోందని రెండు రోజులు డైక్లోఫెనాక్ సూది వేశారు. మూడో రోజు చేయించిన పరీక్షలో డెంగీ ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 1,12,000, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా, శాతంలో) 32. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ మాట్లాడుకున్నది ప్లేట్‌లెట్ల గురించే. బొప్పాయి ఆకు రసం కూడా తాగించారు. పీసీవీ అన్న గడిని ఎవరూ చూడలేదు. నిజానికి డెంగీలో ప్రాణం మీదికి తెచ్చే సంగతిని ముందుగా చెప్పేది అదే.

ఐదో రోజు తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడింది. జ్వరం విడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయితే అదే ఉదయం నుంచి ఆమెకు గుండె దడ మొదలైంది. కడుపు నొప్పి అని రెండుసార్లు చెప్పింది, ఒకసారి వాంతి చేసుకుంది. దడకు కారణం భయమేనని ఆర్‌ఎంపీ ఆందోళన తగ్గించే మాత్ర ఇస్తే, అది వేసుకుని నిద్రపోయింది. ఆ ఇంట్లో కోవిడ్ నాటి ఆక్సీమీటరు ఒకటి ఉంది. నిద్రలో ఉన్నప్పుడు ఆమె మరిది దాన్ని వేలికి పెట్టి చూశాడు. పైన 97 ఉంది, కాబట్టి ఫరవాలేదనుకున్నారు. కింద 122 ఉంది. ఆ కింది అంకె నాడి అని అతనికి తెలియదు, ఎవరినో ఫోనులో అడిగి తెలుసుకున్నాక ఆటోలో తీసుకొచ్చారు.

వచ్చినప్పటి స్థితి

"జొరం తగ్గిపోయింది సార్, దడ ఒక్కటే తగ్గట్లా" అన్నాడు మరిది. ఆ ఒక్క వాక్యంలోనే డెంగీ ప్రమాద దశ మొత్తం ఉందని తరువాత విద్యార్థులకు చెబుతుంటాను. డెంగీలో చాలామందికి మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, జ్వరం దిగే సమయంలోనే, సన్న రక్తనాళాల గోడల గుండా రక్తంలోని ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. అది ఒకటి రెండు రోజులు సాగుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి పంపేసిన రోగులు అదే రాత్రి షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, జారుకునేది అందుకే.

ఉష్ణోగ్రత 98.4. మణికట్టు దగ్గర నిమిషం నిండా లెక్కపెడితే నాడి 128, సన్నగా ఉంది. బీపీ 102/84. పై అంకె చూసి సంతోషించవచ్చు కానీ రెండింటి మధ్య తేడా 18 మాత్రమే. మామూలుగా అది 40కి అటూ ఇటూగా ఉంటుంది. డెంగీలో 20కి పడిపోయిందంటే, పై బీపీ ఎంత బాగున్నా, షాక్ మొదలైనట్టే లెక్క. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో తిరిగి రావాల్సిన ఎరుపు రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. కుడివైపు పక్కటెముకల కింద నొక్కితే నొప్పి ఉంది. ఉదయం నుంచి మూత్రానికి వెళ్లింది ఒక్కసారే. మనిషి మాత్రం స్పృహతో ఉంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. ఈ దశలో రోగులు ఇలాగే తెలివిగా మాట్లాడతారు, చూసేవాళ్లు మోసపోయేదీ దానివల్లే.

దడకు కారణం ఏమిటన్నది తేల్చాలి. భయం వల్ల వచ్చే దడ నిద్రలో తగ్గుతుంది. ఈమెకు మాత్ర వేసుకుని నిద్రపోయినప్పుడు కూడా 122 ఉంది కాబట్టి భయం కారణం కాదు. గుండెలోని విద్యుత్ వ్యవస్థలో లోపం వల్ల వచ్చే దడ స్విచ్చి వేసినట్టు ఒక్కసారిగా మొదలవుతుంది, సాధారణంగా 150 దాటుతుంది, లేచినా పడుకున్నా అదే అంకె దగ్గర నిలుస్తుంది. ఈమెది క్రమంగా పెరిగింది, లేచి కూర్చుంటే 140కి పోతోంది, పడుకుంటే తగ్గుతోంది. ఈసీజీలో ప్రతి కొట్టుకోవడం మామూలు దారిలోనే పుడుతోంది, వేగం ఒక్కటే ఎక్కువ. డెంగీ గుండె కండరాన్ని కూడా దెబ్బతీయగలదు కాబట్టి, ఆ కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూశాం, పెరగలేదు. మెడలో థైరాయిడ్ వాపు, చేతుల్లో వణుకు లేవు. ఆయాసానికి వాడే మందులేవీ ఇవ్వలేదని ఆర్‌ఎంపీని ఫోనులో అడిగి నిర్ధారించుకున్నాం. దడ పుట్టించే మందుల్లో అవి ముందుంటాయి.

మిగిలింది ద్రవం కారడం. దానికి సాక్ష్యం పీసీవీలో కనబడాలి. రిపోర్టు వచ్చింది: ప్లేట్‌లెట్లు 46,000, హిమోగ్లోబిన్ 12.6, పీసీవీ 38. ల్యాబు కాగితం మీద 38 పక్కన ఏ గుర్తూ లేదు, ఆడవాళ్లకు అది నార్మల్ పరిధిలోనే ఉంది. హిమోగ్లోబిన్ 12.6 అని చెప్పగానే ఆమె అత్త, "కానుపప్పుడు రక్తం లేదన్నారు, ఇప్పుడు బాగా పట్టిందే" అంది. మాకు కావలసిన ముక్క అదే. పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, బిడ్డ టీకాల కోసం దాచుకున్న తల్లీబిడ్డల కార్డును ఇంటి నుంచి ఫోటో తీసి పంపించారు. అందులో ఏఎన్‌ఎమ్ చేతిరాతతో హిమోగ్లోబిన్ 9.2 అని ఉంది. హిమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే పీసీవీ సుమారుగా వస్తుంది, అంటే ఆమె సహజ స్థాయి 28 దరిదాపుల్లో ఉండాలి. ఆ కార్డు రెండేళ్ల నాటిది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేం. అయినా మూడో రోజు 32 ఉన్నది రెండు రోజుల్లో 38 అయింది. కొత్త రక్తం రెండు రోజుల్లో పట్టదు, ఉన్న రక్తమే నీరు కోల్పోయి చిక్కబడింది. డెంగీలో పీసీవీ తన సహజ స్థాయి కన్నా 20 శాతం పెరిగితే ద్రవం గణనీయంగా కారుతోందని లెక్క. రక్తహీనత ఉన్న స్త్రీలకు ఆ పెరుగుదల నార్మల్ పరిధి దాటకుండానే జరిగిపోతుంది.

మొదటి నిర్ణయాలు

ముందు చేయకూడని పనులను పక్కన పెట్టాం. దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ వేస్తారా అని బంధువుల్లో ఒకరు అడిగారు. వాళ్లింట్లో ఎవరికో వాడుతున్నారట. గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం తగ్గినప్పుడు, దెబ్బల సంఖ్య పెంచి ఆ లోటును పూడ్చుకుంటుంది. చేద చిన్నదైతే ఎక్కువసార్లు తోడాల్సి వచ్చినట్టే ఇదీ. ఆ స్థితిలో నాడిని మందుతో బలవంతంగా తగ్గిస్తే, అంతసేపూ నిలబడిన బీపీ కూలిపోతుంది. ఇక ప్లేట్‌లెట్లు ఎక్కించమని కుటుంబం గట్టిగా పట్టుబట్టింది. రక్తస్రావం లేకుండా 46,000 దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు లేదనీ, ఆమెకు ఇప్పుడు కావలసింది రక్తనాళాల్లో నీరనీ చెప్పి ఒప్పించడానికి చాలాసేపే పట్టింది.

రింగర్ లాక్టేట్ అనే సెలైన్ మొదటి గంటలో కిలోకు 10 మి.లీ. చొప్పున, అంటే 450 మి.లీ. ఇచ్చాం. నాడి 112కి వచ్చింది, బీపీ 104/74 అయింది, చేతులు కొంచెం వెచ్చబడ్డాయి. ఆపైన వేగాన్ని గంటకు కిలోకు 7, తరువాత 5, ఆపైన 3 మి.లీ.కి తగ్గించుకుంటూ వచ్చాం. సెలైన్ ఇవ్వడం ఎంత అవసరమో తగ్గించడం అంతకన్నా అవసరం, ఎందుకంటే కారిన నీరంతా ఒకటి రెండు రోజుల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది, మనం పోసింది దానికి తోడైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. సాయంత్రానికి నాడి 98, పీసీవీ 34. ప్లేట్‌లెట్లు పడుతున్నాయనీ, రెండు రోజులు డైక్లోఫెనాక్ వేశారనీ దృష్టిలో పెట్టుకుని, అవసరం పడితే ఆలస్యం కాకుండా బ్లడ్ గ్రూపు చూసి నెల్లూరులోని బ్లడ్ బ్యాంకుకు శాంపిల్ పంపించి ఉంచాం. మా ఆసుపత్రిలో రక్తం నిల్వ లేదు.

రెండోసారి పెరిగిన నాడి

అర్ధరాత్రి దాటాక నాడి మళ్లీ 124కి చేరింది. ఉష్ణోగ్రత 98.2, బీపీ 96/70, చేతులు చల్లబడ్డాయి. పగటి కథే మళ్లీ నడుస్తోందని అనుకోవడం సహజం. కారే దశ ఇంకా ముగియలేదు కాబట్టి పీసీవీ కోసం రక్తం తీసి, రిపోర్టు వచ్చేలోగా మరో 450 మి.లీ. వేగంగా ఇవ్వాలని డ్యూటీ డాక్టరు, నేను ఫోనులో అనుకున్నాం. నాడి 114కి దిగి, అరగంట తిరక్కుండానే 126 అయింది. పగలు పనిచేసిన వైద్యం ఇప్పుడు పనిచేయలేదు. అంతలో సెలైన్‌కు ముందు తీసిన శాంపిల్ ఫలితం వచ్చింది: పీసీవీ 27.

ద్రవం కారుతుంటే పీసీవీ పెరగాలి. ఇక్కడ సాయంత్రం 34 ఉన్నది 27కి పడిపోయింది. పీసీవీ పడిపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, సెలైన్ ఎక్కువై రక్తం పలచబడటం, లేదా కారిన నీరు తిరిగి రావడం. అలాంటప్పుడు నాడి నిండుగా ఉంటుంది, బీపీ తేడా విశాలంగా ఉంటుంది, మూత్రం ధారాళంగా వస్తుంది, ఎక్కువైతే ఆయాసం, ఊపిరితిత్తుల్లో గురగుర వినబడతాయి. ఈమెకు నాడి సన్నగా ఉంది, బీపీ తేడా 26, మూత్రం గంటకు 20 మి.లీ.కి మించలేదు, చదునుగా పడుకున్నా ఆయాసం లేదు, మెడలో నరాలు ఉబ్బలేదు. రెండో దారి రక్తస్రావం. ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. డైక్లోఫెనాక్ వల్ల కడుపులో రక్తం కారుతోందేమోనని విరేచనం రంగు అడిగితే మామూలుగానే ఉందన్నారు.

ఈ ప్రశ్నలన్నీ మంచం చుట్టూ భర్త, మరిది, అత్త నిలబడి ఉండగా అడుగుతున్నవి. అందరినీ బయటికి పంపి, నైట్ డ్యూటీ నర్సును లోపల ఉంచాం. నర్సు దుప్పటి తీసి చూసేసరికి కింద వేసిన గుడ్డలు తడిసి, పరుపు మీద కూడా మరక ఉంది. నెలసరి గడువుకు ముందే, సాయంత్రం వచ్చింది. "మగోళ్లు ఉన్నారు గదా సిస్టర్, ఎట్టా చెప్పేది" అని మాత్రం అంది. సాయంత్రం నుంచి నాలుగు గుడ్డలు మార్చిందట, వాటిని కవరులో చుట్టి మంచం కింద పెట్టింది.

ఇక ఆమెకు కావలసింది రక్తం. రోగిని అప్పుడే నెల్లూరు పంపడమా, రక్తాన్ని ఇక్కడికి తెప్పించడమా అన్నది రెండో ప్రశ్న. షాక్ అంచున ఉన్న రోగిని దారిలో ఎవరూ సరిగా గమనించలేని స్థితిలో పంపడం కన్నా, శాంపిల్ ముందే అక్కడ ఉంది కాబట్టి ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి వేరు చేసిన ఎర్రకణాలు) తెప్పించడమే త్వరగా అవుతుందని తేల్చుకున్నాం. పై బీపీ 90 కన్నా తగ్గినా, రెండింటి తేడా 20కి వచ్చినా ఎదురుచూడకుండా బయలుదేరాలని 108 వాహనాన్ని కూడా సిద్ధం చేసుకున్నాం. ఆ అవసరం రాలేదు. గైనకాలజిస్టును ఫోనులో సంప్రదించి నెలసరి ఆగడానికి నోరెథిస్టిరోన్ మాత్రలు మొదలుపెట్టాం. రక్తం వచ్చేదాకా సెలైన్ ఆపలేదు, పెంచనూ లేదు. ఉన్న కాస్త రక్తాన్ని ఇంకా పలుచన చేయడం తప్ప పెంచడం వల్ల అప్పుడు ఒరిగేదేమీ లేదు.

మొదటి యూనిట్ పూర్తయ్యేసరికి నాడి 106, చేతులు వెచ్చగా ఉన్నాయి. రెండో యూనిట్ తరువాత, పొద్దున్నే, 92. పీసీవీ 32. మధ్యాహ్నానికి స్రావం బాగా తగ్గింది. ప్లేట్‌లెట్లు ఆ రోజు 24,000కు పడ్డాయి, అయినా రక్తస్రావం ఆగుతుండటంతో వాటిని ఎక్కించలేదు.

ఆ మరుసటి రోజు నాడి 56 అయింది. కుటుంబం మళ్లీ కంగారుపడింది, ఈసారి గుండె ఆగిపోతుందేమోనని. ఆకలి వేస్తోంది, మూత్రం బాగా వస్తోంది, అరికాళ్లు దురద పెడుతున్నాయి, కాళ్ల మీద ఎర్రటి దద్దుర్ల మధ్య తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఇవన్నీ కోలుకునే దశ గుర్తులు. నాడి మందగించడం కూడా వాటిలో ఒకటే. బీపీ 112/70 ఉంది, తల తిరగడం లేదు. సెలైన్ పూర్తిగా ఆపేయడం తప్ప ఏమీ చేయలేదు. రెండు రోజుల తరువాత ఇంటికి వెళ్లింది. తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు నాడి 78, హిమోగ్లోబిన్ 10.4. ఐరన్ మాత్రలు రాసి, ఆమె పీసీవీ ఎంతో అదే తల్లీబిడ్డల కార్డు వెనుక రాసి ఇచ్చాం.

ఈ కేసు తరువాత మా దగ్గర మారినవి

డెంగీ వార్డులో ప్రతి స్త్రీని చేరినప్పుడే, నర్సు ఒంటరిగా, నెలసరి ఎప్పుడని అడిగి కేస్ షీటులో మొదటి పేజీలో రాస్తుంది. ప్రమాద దశలో నెలసరి వచ్చే అవకాశం ఉంటే ముందే గైనకాలజిస్టుతో మాట్లాడతాం. నాడి 120 దాటినప్పుడల్లా పీసీవీ పెరిగిందా, తగ్గిందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చాకే రెండో సెలైన్ సీసా మీద నిర్ణయం తీసుకుంటాం. ప్రాణాపాయం కనిపిస్తే ఈసారి చేసినట్టే జవాబు కోసం ఆగకుండా ఒక సీసా ఇస్తాం. పాత హిమోగ్లోబిన్ కాగితం, అది ఎంత నలిగిపోయినదైనా సరే, తెమ్మని చెబుతాం.

ఇళ్లలో ఉన్నవాళ్లు ఎప్పుడు కంగారుపడాలన్నది నన్ను తరచూ అడిగే ప్రశ్న. పెద్దవాళ్లలో, జ్వరం దిగి, పడుకుని పదిహేను నిమిషాలైనా నాడి 100 పైనే ఉంటే నీళ్లు, ఓఆర్‌ఎస్ బాగా తాగించి గంటలో మళ్లీ లెక్కపెట్టాలి, తగ్గకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 120 దాటి ఉంటే గంట కూడా ఆగకూడదు. అంకె ఎంతైనా సరే, దానితో పాటు చేతులు కాళ్లు చల్లబడటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, విడవని కడుపు నొప్పి, వరుస వాంతులు, నల్లటి విరేచనం, ఆయాసం, ఛాతీ నొప్పి, లేస్తే కళ్లు తిరిగి పడిపోవడం, మత్తుగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. నాడి క్రమం తప్పి కొట్టుకుంటున్నా, ఒక్కసారిగా మొదలై 150 దాటినా అంతే. ఆక్సీమీటరు చల్లటి వేలి మీద తప్పు చూపవచ్చు కాబట్టి మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టడమే నమ్మదగింది. ఈ అంకెలు పసిపిల్లలకు వర్తించవు. నెలల బిడ్డకు 140 మామూలే.

బీపీకో గుండెజబ్బుకో మెటొప్రొలాల్, అటెనొలాల్ వంటి మందులు వాడేవాళ్ల విషయంలో మాత్రం పైన చెప్పిన అంకెల మీద ఆధారపడకూడదు. ఆ మందులు నాడిని పెరగనివ్వవు, షాక్‌లో ఉన్న పెద్దాయనకు కూడా నాడి 84 చూపించవచ్చు. అలాంటివాళ్లకు చేతుల చల్లదనం, మూత్రం, మనిషి తెలివి, వీటినే చూడాలి. జ్వరం వచ్చిందని ఆ మాత్రలను సొంతంగా ఆపేయకుండా, ఫలానా మందు వాడుతున్నామని చూసిన ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాలి.